ఉప్పాడ నుంచి నిజాంపట్నం దాకా తీరాన్ని అందరూ ఒకేలా కొలవాలంటే

గోదావరి, కృష్ణా డెల్టాల తీరాన్ని కొలిచేవాళ్లకు కొదవ లేదు. కాలేజీ విద్యార్థులు ప్రాజెక్టు పని మీద ఉప్పుటేరు నీళ్లు పట్టుకెళ్తారు. అటవీ శాఖ తాబేళ్ల గూళ్లు లెక్కపెడుతుంది. రేవుల్లో దిగిన చేపల లెక్క మత్స్య శాఖ దగ్గర ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి తన నమూనాలు తను తీస్తుంది. పక్షులు చూసేవాళ్లు జనవరిలో కోరింగ మడ అడవుల బాట పడతారు. ఇన్ని లెక్కలున్నా, ‘పదేళ్లలో ఈ తీరం బాగుపడిందా, పాడైందా?’ అని ఒక మత్స్యకార గ్రామం అడిగితే గట్టిగా జవాబు చెప్పడం కష్టం. ఒకరు పోటులో (సముద్రం ఎక్కేటప్పుడు) కొలిచారు, ఇంకొకరు పాటులో (దిగేటప్పుడు) కొలిచారు. ఒకరు తెల్లారకముందు వెళ్తే మరొకరు భోజనాల వేళకు వెళ్లారు. ఇంకొకరి ఉప్పదనం మీటరును కొన్న నాటి నుంచి ఎవరూ సరిచూడలేదు. అలాంటి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం.

ఒక కాలేజీ శాఖో, స్వచ్ఛంద సంస్థో, మత్స్యకార సహకార సంఘమో చొరవ తీసుకుని వీళ్లందరినీ ఒకే పద్ధతి మీదకు తేవాలంటే ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం. ఉదాహరణకు తీసుకున్న పరిధి కాకినాడ జిల్లా ఉప్పాడ నుంచి బాపట్ల జిల్లా నిజాంపట్నం దాకా. మధ్యలో కోనసీమ, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు, పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం వస్తాయి. మీ తీరం వేరైతే ఊళ్ల పేర్లు మారతాయి గానీ పని ఇదే.

1. ముందు ప్రశ్నలు, తర్వాతే పరికరాలు

‘తీరం ఆరోగ్యం ఎలా ఉంది’ అన్నది కొలవడానికి పనికొచ్చే ప్రశ్న కాదు. అవును, కాదు అనో, ఇంత అనో జవాబు వచ్చేలా నాలుగైదు ప్రశ్నలు రాసుకోండి. ఈ తీరానికైతే ఇవి సరిపోతాయి:

- రొయ్యల చెరువుల నీళ్లు మోసే డ్రెయిన్లు సముద్రంలోనో పాయలోనో కలిసే చోట, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంత మిగులుతోంది?
- కోరింగలోనూ కృష్ణా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరా మడ అడవిలో కొత్త మొలకలు నిలబడుతున్నాయా, ఉన్న చెట్లే ముదిరిపోతున్నాయా?
- ఏ ఊరి దగ్గర ఒడ్డు ఎంత కోసుకుపోతోంది, ఎక్కడ ఇసుక చేరుతోంది?
- ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఎక్కడ గుడ్లు పెడుతున్నాయి, చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి ఎప్పుడు పెరుగుతున్నాయి?
- ఒక బోటు ఒక రోజు వేటకు వచ్చే చేప తగ్గుతోందా?

ఈ జాబితాను మీరొక్కరే గదిలో కూర్చుని రాయకండి. నాలుగు రేవుల్లో, సాయంత్రం వలలు బాగుచేసుకునే వేళ కూర్చుని అడగండి. ఏ డ్రెయిన్ నీళ్లు ఏ నెలలో నల్లబడతాయో, ఏ పాయలో మండపీత దొరకడం ఎప్పటి నుంచి తగ్గిందో అక్కడివాళ్లకు తెలుసు. కొలత పాయింట్లు సగం ఆ మాటల్లోంచే వస్తాయి. ఒక్కో ప్రశ్న కింద ‘ఈ అంకె మారితే ఎవరు ఏం చేస్తారు?’ అని కూడా రాయండి. దానికి జవాబు లేకపోతే ఆ కొలతను పక్కన పెట్టండి. మొదటేడాది ఎక్కువ కొలతలు పెట్టుకున్న కార్యక్రమాలే రెండో ఏడాదిలో ఆగిపోతుంటాయి.

2. ఒప్పందం, అనుమతులు

పాల్గొనే సంస్థలన్నీ సంతకం పెట్టే రెండు పేజీల కాగితం తయారు చేయండి. ఎవరు ఏ పాయింట్లు చూస్తారు, ఏ పద్ధతి వాడతారు, లెక్కలు ఎన్ని రోజుల్లో పంపాలి, ఎవరి అనుమతితో బయటపెట్టాలి అన్న నాలుగు విషయాలూ అందులో ఉండాలి. ఎక్కువ పేచీ వచ్చేది చివరిదాని దగ్గరే. పరిశోధన పత్రం వచ్చేదాకా లెక్కలు ఇవ్వమని ఒక సంస్థ అంటుంది, మా డ్రెయిన్ పేరు బయటపెట్టొద్దని ఇంకొకరు అంటారు. మొదటి నమూనా తీయకముందే ఇది తేల్చుకోవాలి. కొలిచిన నాటి నుంచి 60 రోజులకు అంకెలన్నీ అందరికీ తెరిచి ఉంచడం మంచి నియమం. మినహాయింపులు రెండే: తాబేలు గూళ్ల కచ్చితమైన చోట్లు, మత్స్యకారులు నమ్మి చెప్పిన వేట చోట్లు.

కోరింగ, కృష్ణా అభయారణ్యాల్లో అధ్యయనానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. తాబేళ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, కాబట్టి అనుమతి లేకుండా గుడ్లను ముట్టుకున్నా నేరమే. యానాం వైపు అనుమతులు పుదుచ్చేరి పాలన నుంచి వేరుగా తెచ్చుకోవాలి, పోర్టు పరిధిలో నీళ్లు తీయాలంటే పోర్టు వాళ్ల అనుమతి వేరు. వీటికి కనీసం మూడు నెలలు కేటాయించండి.

మనుషుల విషయానికొస్తే, మొత్తాన్ని నడిపే సమన్వయకర్త ఒకరు, లెక్కలు మాత్రమే చూసే మనిషి ఒకరు విడివిడిగా ఉండాలి. రెండు పనులూ ఒకరికే ఇస్తే లెక్కల పని వెనకబడిపోతుంది. బోటు సరంగుకు, వెంట వచ్చే మత్స్యకారుడికి ఆ రోజు వేట మానుకున్నందుకు పోయే సంపాదన, డీజిల్ ఖర్చు రెండూ ఇవ్వండి. ఊరికి మంచి జరుగుతుంది కదా అని ఉచితంగా రమ్మంటే రెండుసార్లు వస్తారు, మూడోసారి వేటకు పోతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

3. పాయింట్లు ఎంచుకోవడం

మొదటి రెండేళ్లకు 12 నుంచి 15 నీటి పాయింట్లు చాలు. జంటలుగా ఎంచుకోండి. డ్రెయిన్ కలిసే చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి. చెరువుల మధ్య నుంచి వచ్చే పాయ ఒకటైతే, చెరువులు లేని మడ అడవి పాయ ఇంకొకటి. జంట లేకపోతే దిగువన వచ్చిన చెడు అంకె డ్రెయిన్ వల్ల వచ్చిందో ఋతువు వల్ల వచ్చిందో తేలదు.

ఈ పరిధిలో కాకినాడ అఖాతం, కోరింగ లోపలి పాయలు, గౌతమి మొగ దగ్గర భైరవపాలెం వైపు, వైనతేయ, వశిష్ఠ మొగలు, కొల్లేరు నీళ్లను సముద్రానికి మోసే ఉప్పుటేరు, మచిలీపట్నం గిలకలదిండి, నాగాయలంక దిగువన కృష్ణా పాయలు తప్పకుండా ఉండాలి. వంతెన ఉంది, కారు ఆగుతుంది అన్న సౌకర్యం చూసి పాయింట్లు పెడితే తీరం అంతా వంతెనల కిందే ఉన్నట్టు తేలుతుంది. అలాగని జులైలో బోటు పోలేని చోట పెడితే ఏటా వరద నెలలు ఖాళీగా మిగులుతాయి.

ప్రతి పాయింటుకూ ఒక కోడ్ ఇవ్వండి. జీపీఎస్ అంకెను దశాంశం తర్వాత ఐదు స్థానాల దాకా రాయండి, ఐదో స్థానం దాదాపు ఒక మీటరుతో సమానం. ఒడ్డు మీద కదలని గుర్తు ఒకటి చూసుకోండి. వంతెన స్తంభం, లాకు గోడ, దీపస్తంభం ఏదైనా సరే. అక్కడి నుంచి నాలుగు దిక్కులకూ ఫొటోలు తీసి పెట్టండి. నమూనా తీసే మనిషి మారినా చోటు మారకూడదు.

4. తేదీని తిథి చూసి పెట్టండి

ఉమ్మడి పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నీళ్లలో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ సూర్యోదయానికి ముందు అడుగంటుతుంది. పగలు నాచు ఆక్సిజన్ వదలడంతో మధ్యాహ్నానికి అదే డ్రెయిన్‌లో లీటరుకు 10 మి.గ్రా. దాటినా ఆశ్చర్యం లేదు. అందుకే కొలత తెల్లవారుజామునే జరగాలి. ఇంకోపక్క, పాటులో డ్రెయిన్ నీళ్లు కిందికి వస్తాయి, పోటులో సముద్రపు నీళ్లు లోపలికి తోసుకొచ్చి మురికిని కప్పేస్తాయి. కాబట్టి పాటు చివర, తెల్లారకముందు అన్న రెండు షరతులూ ఒకే రోజు కుదరాలి.

పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నెలలో ఫలానా తేదీ అని పెట్టుకుంటే ఒక నెల పోటులో, ఇంకో నెల పాటులో కొలుస్తారు. తిథి ప్రకారం పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఒకే తిథిన ఒకే చోట పోటు దాదాపు ఒకే గడియారం వేళకు వస్తుంది, శుద్ధంలోనూ బహుళంలోనూ అంతే. వేటకు వెళ్లేవాళ్లు పోటుపాట్లను తిథుల లెక్కనే చూస్తారు కాబట్టి వాళ్లకు వివరించాల్సిన పనే ఉండదు. కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ గానీ సర్వే ఆఫ్ ఇండియా గానీ ఇచ్చే పోటుపాట్ల పట్టిక తీసుకుని, కాకినాడలో పాటు అడుగు తెల్లవారుజామున 5 గంటలకు అటూ ఇటూ పడే తిథి ఏదో చూసి దాన్ని ఏడాది మొత్తానికీ ఖాయం చేయండి.

పాయ లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. మొగ దగ్గర పాటు ముగిసినా లోపల ఇంకా నీళ్లు దిగుతూనే ఉంటాయి. ప్రతి పాయింటు దగ్గరా సెంటీమీటర్లు గీసిన కర్రను పాతి, ఒక పూర్తి రోజు గంటకోసారి నీటి మట్టం రాయండి. కాకినాడతో ఆ చోటుకు ఎన్ని నిమిషాల తేడా ఉందో ఒక్కసారి తెలిస్తే చాలు, మొగ పూడి మారిపోయేదాకా అదే లెక్క వాడుకోవచ్చు.

అన్ని బృందాలూ అదే రెండు రోజుల్లో కొలవాలి. తిథి రోజు కుదరకపోతే మర్నాడు వెళ్లండి, అదీ కాకపోతే ఆ నెల వదిలేయండి. వారం తర్వాత పట్టిన నీళ్లతో ఖాళీ నింపడం కంటే ఖాళీగా ఉంచడమే మేలు.

5. నీటి కొలతలు: ఎక్కడ చెడతాయి

ప్రతిసారీ తప్పక కొలవాల్సినవి: ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఆక్సిజన్, పీహెచ్, నీటి మసక. మూడు నెలలకోసారి నైట్రేట్, అమ్మోనియా, ఫాస్ఫేట్, సిలికేట్, క్లోరోఫిల్. జనం స్నానాలు చేసే చోట్ల, మురుగు కలిసిందో లేదో చెప్పే కోలిఫాం బ్యాక్టీరియా కూడా.

ఉప్పదనానికి చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు చాలు. దాన్ని స్వేదన జలంతో సున్నాకు తెచ్చి వదిలేస్తే సరిపోదు, పై కొసలో కూడా సరిచూడాలి. 36.5 గ్రాముల శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ను 963.5 గ్రాముల స్వేదన జలంలో కరిగిస్తే రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35) చూపాలి. ఈ ద్రావణాన్ని ఒకేచోట చేసి అన్ని బృందాలకూ సీసాల్లో పంచండి. వంటింటి అయొడిన్ ఉప్పు వాడకండి, తేమ వల్ల తూకం తప్పుతుంది. అద్దం మీద ఎండిన ఉప్పు మరకను తుడవకుండా తర్వాతి చుక్క వేయడం అందరూ చేసే పొరపాటు.

ఆక్సిజన్‌కు మీటర్లు ఉన్నా, రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతిని వదలకండి. బురద నీళ్లలో మీటరు కొస మీద పాచి పడుతుంది, అంకె మెల్లమెల్లగా తగ్గిపోతుంది, అది నీటి లోపమని మీరు అనుకుంటారు. వింక్లర్‌కు 300 మి.లీ. బీఓడీ సీసా తీసుకోండి. గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, నీళ్లు పైకి పొర్లి సీసాకు రెండింతలు కారిపోయేదాకా నింపండి. బొడబొడమని పోస్తే గాలి కలిసి అంకె పెరుగుతుంది. మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., అజైడ్ కలిపిన ఆల్కలీ అయొడైడ్ 2 మి.లీ. పిపెట్ కొసను నీటి కింద ఉంచి వదలండి. మూత పెట్టాక లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు. పదిహేనుసార్లు తిరగేసి కలపండి. గోధుమ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లటి మడ్డే దిగితే లేనట్టు. ఆ తెల్లటి మడ్డిని ఒక్కసారి కళ్లారా చూసిన సరంగు, ఆ డ్రెయిన్ దిగువన చేపలు ఎందుకు తేలాయో ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు. మడ్డి సగానికి దిగాక 2 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, సీసాను చీకట్లో ఉంచి, ఎనిమిది గంటల లోపు టైట్రేట్ చేయాలి, అంటే బలం తెలిసిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలిపి ఎంత ఖర్చయిందో చూడాలి. అందులోంచి 203 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో చేస్తే, ఖర్చయిన ఒక్కో మిల్లీలీటరూ లీటరుకు ఒక మి.గ్రా. ఆక్సిజన్‌తో సమానం. థయోసల్ఫేట్ బలం నిల్వలో తగ్గుతుంది కాబట్టి వారానికోసారి సరిచూడండి. అజైడ్ విషం, ఆమ్లం కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ముట్టనివ్వొద్దు. వాడిన ద్రావణాలను డబ్బాలో పట్టి ల్యాబుకు తేవాలి, పాయలో పారబోయకూడదు.

అంకెను చదివేటప్పుడు ఉప్పదనాన్ని కూడా చూడండి. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు 7.5 మి.గ్రా. దాకా ఆక్సిజన్ పట్టుకుంటాయి, సముద్రపు నీళ్లు 6.2 దగ్గరే నిండిపోతాయి. గోదావరిలో 6 అంటే కాస్త తక్కువ, ఉప్పాడ సముద్రంలో 6 అంటే దాదాపు నిండుగా ఉన్నట్టు. అందుకే మి.గ్రా. పక్కన, నిండుగా పట్టేదాంట్లో అది ఎంత శాతమో కూడా రాయాలి.

నైట్రేట్, ఫాస్ఫేట్ల సీసాలను సబ్బుపొడితో కడగొద్దు, ఫాస్ఫేట్ అందులోంచే వస్తుంది. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా ఉంచి స్వేదన జలంతో మూడుసార్లు కడగండి. నీళ్లను అక్కడికక్కడే వడకట్టి ఐస్ పెట్టెలో పెట్టి, అదే సాయంత్రం మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. సిలికేట్ సీసా మాత్రం గడ్డకట్టకూడదు, 4 డిగ్రీల దగ్గర ఉంచండి. క్లోరోఫిల్‌కు లీటరు నీళ్లు వడకట్టాలనుకున్నా ఆగస్టు గోదావరి నీళ్లు 150 మి.లీ. కే వడపోత కాగితాన్ని పూడ్చేస్తాయి. అప్పుడు ఎంత వడకట్టారో అంతే రాయండి. రాయకుండా లీటరని లెక్కేస్తే క్లోరోఫిల్ దాదాపు ఏడో వంతుకు పడిపోయినట్టు కనిపిస్తుంది. కోలిఫాం సీసా ఐస్‌లో ఆరు గంటల లోపు ల్యాబు చేరకపోతే పారేయండి.

6. మడ అడవి, ఒడ్డు, తాబేళ్లు, వేట

మడ అడవిలో పాయ ఒడ్డుకు లంబంగా లోపలికి ఒక గీత వేయండి. ఒడ్డున ఒకటి, మధ్యలో ఒకటి, వెనక గట్టు దగ్గర ఒకటి, మొత్తం మూడు 10×10 మీటర్ల గళ్లు. పోటు తగిలే తీరును బట్టి మడ, తిల్ల, ఉప్పుపొన్న, గుగ్గిలం చెట్లు వేర్వేరు చోట్ల పెరుగుతాయి కాబట్టి ఒడ్డున ఒక్క గడి వేసి అడవంతా అదేననుకోకూడదు. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున తీయాలి. ఉప్పుపొన్నకు ఊడలుంటాయి గనక అన్నిటికంటే పై ఊడకు 30 సెం.మీ. పైన తీయాలి. అల్యూమినియం మేకుతో నంబరు బిళ్ల కొట్టి, చెట్టు లావయ్యేందుకు మేకును రెండు సెంటీమీటర్లు బయటికి వదలండి. ప్రతి గడిలో 1×1 మీటరు చిన్న గళ్లు ఐదు వేసి మొలకలు లెక్కపెట్టండి. నరికిన మోళ్లు, పశువులు మేసిన కొమ్మలు కూడా రాయండి. ఏడాదికోసారి, జనవరి ఫిబ్రవరి నెలల్లో చేస్తే వానాకాలంలో రాలిన విత్తనాల్లో ఎన్ని నిలిచాయో తెలుస్తుంది. చెట్ల సంఖ్య నిలకడగా ఉండి మొలకలు రెండేళ్లు వరసగా కనబడకపోతే, ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపించినా ఆ అడవికి వారసులు లేనట్టే. ఉపగ్రహ చిత్రాలకు సెంటినెల్-2 ఉచితం, 10 మీటర్ల వివరం ఇస్తుంది. ఏటా అదే నెలలో, పోటుపాట్ల స్థితి ఒకేలా ఉన్న రోజు చిత్రాలే పోల్చండి.

ఒడ్డు కోతను కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. సెంటీమీటర్లు గీసిన ఒకటిన్నర మీటర్ల కర్రలు రెండు, రెండు మీటర్ల తాడు, దూరాన సముద్రం ఆకాశం కలిసే గీత ఉంటే చాలు. ఒడ్డు వైపు కర్ర దగ్గర నిలబడి, సముద్రం వైపు కర్ర కొస ఆ గీతతో కలిసేదాకా కన్ను దించండి. మీ కర్ర మీద పై కొస నుంచి ఎంత కిందికి దిగారో ఆ రెండు మీటర్లలో నేల అంత పల్లమైనట్టు. ఇసుక సముద్రం వైపే ఎత్తుగా ఉంటే అంకె ఎదుటి కర్ర మీద చదివి ప్లస్ గుర్తు పెట్టండి. ఇలా నీటి అంచుదాకా నడవాలి. మొదలుపెట్టే రాయిని ఉప్పాడ లాంటి చోట ఒడ్డుకు బాగా వెనక, ఒకదాని వెనక ఒకటిగా రెండు పాతండి. ముందు రాయి సముద్రంలో కలిసినా లెక్క తెగిపోదు. నైరుతి అలలకు సన్నబడిన ఇసుక తర్వాతి నెలల్లో కొంత తిరిగొస్తుంది కాబట్టి జూన్‌ను జనవరితో పోల్చకుండా జూన్‌ను జూన్‌తోనే పోల్చండి.

తాబేళ్లకు జనవరి నుంచి మార్చి దాకా తెల్లవారుజామున నడక. గూడు కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి, తవ్వకండి. చనిపోయినదాన్ని చూస్తే డిప్ప పొడవు వంపు వెంట టేపుతో కొలిచి, ఫొటో తీసి, డిప్ప మీద పెయింటుతో గీత పెట్టండి. ఆ గీత లేకపోతే ఒకే కళేబరాన్ని మూడు బృందాలు మూడుసార్లు లెక్కేస్తాయి. నడిచిన కిలోమీటర్లు కూడా తప్పక రాయాలి. ‘ఈ ఏడాది ఎక్కువ చచ్చాయి’ అన్న వార్త చాలాసార్లు ఎక్కువ దూరం నడవడం వల్ల వచ్చిందే.

వేట లెక్క కూడా అంతే. రేవుకు ఎన్ని బుట్టలు వచ్చాయన్నది చాలదు, ఎన్ని బోట్లు, ఎన్ని గంటలు, ఏ కన్ను వల అన్నది ఉండాలి. వరద కాలంలో గోదావరి ఎదురెక్కే పులసను ఒక వలకు ఒక రాత్రికి ఎన్ని పడ్డాయని రాస్తూ పోతే, పదేళ్లకు అది నది ఆరోగ్యం గురించి చాలా చెబుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలల ఖాళీని సున్నాగా రాయకండి. పక్షులకు వేరే ఏర్పాటు అక్కర్లేదు, ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనతో కలవండి.

7. ఒకే బకెట్ నీళ్లు

పని మొదలవక ముందు అన్ని బృందాలనూ ఒక రోజు ఒకచోట కూర్చోబెట్టండి. ఒక పెద్ద డ్రమ్ములో పాయ నీళ్లు పట్టి, ప్రతి బృందమూ తన పరికరంతో, తన చేత్తో కొలిచి, పక్కవాళ్లకు చూపకుండా చీటీ మీద రాయాలి. తర్వాత అన్ని చీటీలూ బోర్డు మీద పెట్టండి. ఉప్పదనంలో 1 పీపీటీ, ఆక్సిజన్‌లో 0.5 మి.గ్రా. కంటే ఎక్కువ తేడా వస్తే కారణం దొరికేదాకా అక్కడి నుంచి కదలొద్దు. సాధారణంగా సరిచూడని మీటరో, సీసాలో బుడగో, పాత థయోసల్ఫేటో బయటపడుతుంది. మూడు నెలలకోసారి ఇదే మళ్లీ చేయాలి. ల్యాబులకు కూడా ఒకే నీళ్లను వేర్వేరు కోడ్‌లతో పంపండి. రోజువారీ పనిలో ప్రతి పది నమూనాల్లో ఒకదాన్ని రెండోసారి కూడా తీయాలి. స్వేదన జలం నింపిన ఒక సీసాను నమూనాలు తీసే చోటుకు తీసుకెళ్లి తిరిగి తెచ్చి పరీక్షించాలి. అందులో ఫాస్ఫేట్ కనబడితే తప్పు సీసాదే, సముద్రానిది కాదు.

కాగితం మీద పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా తడికి కారిపోతుంది. కొలవనిది ఖాళీగా ఉంచండి, కొలిస్తే సున్నా వచ్చినదానికి 0 వేయండి, పరికరం పట్టలేనంత తక్కువైతే ‘0.05 కంటే తక్కువ’ అని రాయండి. ఈ మూడూ కలిసిపోతే తర్వాత ఎవరూ విడదీయలేరు. అదే సాయంత్రం కాగితం ఫొటో తీసి పంపాలి. నెట్‌వర్క్ లేని పాయల్లో ఫోన్‌లో నింపడానికి కోబోటూల్‌బాక్స్ లాంటి ఉచిత యాప్‌లు పనికొస్తాయి. లెక్కల మనిషి అసలు పట్టికను ఎప్పుడూ దిద్దకూడదు. దిద్దుబాటు వేరే వరుసలో, ఎవరు ఎందుకు దిద్దారో రాసి ఉండాలి.

8. వరద, తుపాను, కాలువల కట్టివేత

నెలవారీ పట్టికకు అందని మూడు సందర్భాలకు ముందే ఏర్పాటు ఉండాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగుల మట్టానికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. దాన్నే మీ గుర్తుగా పెట్టుకుని, ఆ హెచ్చరిక తీసేసిన నాలుగైదు రోజులకు ఒడ్డు మీద నుంచి చేరగల పాయింట్లలో మాత్రమే నీళ్లు తీయండి. తుపాను తర్వాత, బోట్లు వెళ్లొచ్చని అధికారులు చెప్పాకే, వారం లోపల ఒడ్డు కొలత, మడ గళ్లు ఒకసారి చూడాలి. మూడోది ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేసిన వారాలు. మంచినీళ్లు రావు, డ్రెయిన్లలో మిగిలేది చెరువుల నీళ్లూ ఊళ్ల మురుగూ. చెరువు పట్టుబడి రోజు చివర్లో వదిలే అడుగు నీళ్లలోనే మడ్డి ఎక్కువ, కాబట్టి ఏ ప్రాంతంలో పట్టుబడులు ఎప్పుడో రైతులను అడిగి ఆ వారం ఒక అదనపు తెల్లవారుజాము పెట్టుకోండి.

అంకెల అర్థం చెప్పేటప్పుడు తొందరపడొద్దు. నవంబరులో కాకినాడ దగ్గర ఉప్పదనం తగ్గితే గోదావరే కారణమనుకోనక్కర్లేదు. అక్టోబరు నుంచి తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగి, ఎగువ బంగాళాఖాతపు మంచినీళ్లను కిందికి మోసుకొస్తుంది. ఎండాకాలంలో లోతు నుంచి పైకి తేలే చల్లటి నీళ్లలో సహజంగానే ఆక్సిజన్ తక్కువ. నీళ్లు చల్లగా, ఉప్పగా ఉండి ఆక్సిజన్ తగ్గితే సముద్రం వైపు చూడండి. నీళ్లు వెచ్చగా, చప్పగా ఉండి తగ్గితే డ్రెయిన్ వైపు చూడండి.

9. లెక్క ఊరికి తిరిగి వెళ్లాలి

ఏటా నాలుగు పేజీల తెలుగు నివేదిక, ఒక్కో ప్రశ్నకు ఒక్కో బొమ్మ. అన్నిటినీ కలిపి తీరానికి ఒకే మార్కు వేయకండి. తాబేళ్లు బాగుండి డ్రెయిన్ చచ్చిపోయినా సగటు పచ్చగానే వస్తుంది. సముద్రతీరపు స్నానాల చోట్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దులు వాడుకోండి: ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మి.గ్రా. లేదా నిండుగా పట్టేదాంట్లో 50 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది. పీహెచ్ 6.5 నుంచి 8.5. బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లడానికి తినే ఆక్సిజన్) 3 మి.గ్రా. లోపు. మల కోలిఫాం 100 మి.లీ.కి 100 లోపు. హద్దు దాటిన పాయింటు గురించి ఏడాది చివరిదాకా ఆగకండి. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ కొలవండి, అదే వస్తే ఆ వారంలోనే పంచాయతీకి, మత్స్య శాఖకు, కాలుష్య మండలికి రాతపూర్వకంగా పంపండి.

డబ్బు లెక్కలో పరికరాలకు మూడో వంతు మించి పెట్టొద్దు. మిగతాది బోటుకు, మనుషులకు, రసాయనాలకు, ఐస్‌కు కావాలి. కొన్న మీటరు చెడిపోతే వింక్లర్ సీసాతో పని నడుస్తుంది గానీ, డీజిల్‌కు డబ్బు లేకపోతే నెల తెగిపోతుంది.

మొదటి రెండు నెలలను పరీక్షగానే భావించి, ఆ అంకెలను లెక్కలో కలపకండి. మూడో ఏడాది చివర కూర్చుని, ఏ నిర్ణయానికీ ఉపయోగపడని కొలతలను తీసేయండి, అవసరమైతే విశాఖ వైపో నెల్లూరు వైపో పరిధి పెంచండి. పద్ధతిగానీ పరికరంగానీ మార్చాల్సి వస్తే, పాతదీ కొత్తదీ ఒకే సీసా మీద పన్నెండు నెలలు కలిపి నడిపి, రెంటి మధ్య తేడా ఎంతో రాసి పెట్టాకే పాతదాన్ని ఆపండి.